మూడో పిలుపు

గంగన్న ప్రతి పొద్దున హాలు తలుపు తీయగానే వంగి వేదికను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకునేవాడు. ఆ తర్వాతే కుర్చీ ముట్టేవాడు. "గిదేమన్న గుడా కాకా?" అని తోటివాళ్లు నవ్వితే, "అన్నం పెడ్తున్నది గదరా" అనేవాడు.

నిర్మల్ పక్క పల్లె నుంచి బహ్రెయిన్ వచ్చి ఇరవై రెండేళ్లు. ఇటుకలు మోసి మోసి మోకాళ్లు అరిగాక, మనామాలోని ఈ కచేరీల హాలులో కుర్చీలు వేసే పనికి కుదిరాడు. చెల్లెలు కళ కొడుకు దేవేందర్‌ను ఇక్కడికి రప్పించింది తనే. "నా కండ్ల ముంగట ఉంటడు" అని చెల్లెలికి మాటిచ్చాడు. ఆ మేనల్లుడు ఆరు రోజుల కింద మీనా సల్మాన్ ఓడరేవులో నిచ్చెన మీంచి జారిపడ్డాడు. సల్మానియా ఆసుపత్రిలో ఊపిరి ఆడుతోందిగాని కన్ను తెరవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కచేరీ. వాయిద్యాల వాళ్లు ముప్పై మంది, పాడేవాళ్లు నలభై మంది, అందరూ నల్లబట్టల్లోనే. వాళ్లలో లక్ష్మిప్రసన్న తెలుగు నర్సు, భీమవరం వైపు మనిషి. దేవేందర్ ఉన్న వార్డులోనే ఆమె డ్యూటీ. రిహార్సలుకి వచ్చినప్పుడల్లా తన డబ్బాలో పులిహోర సగం గంగన్నకు తీసిపెట్టేది.

"బాబాయ్, ఈ కుర్చీ మార్చండి. నాకన్నా ఇదే బాగా పాడుతోంది."

గంగన్న కిర్రుమంటున్న ఆ కుర్చీని తెర వెనక్కి తెచ్చి, వేరేది వేశాడు. "ఏం పాటమ్మా? భజననా?"

"దేవుడి పాట కాదు బాబాయ్. నీళ్లలో మునిగిపోయిన పడవవాణ్ణి ఊరంతా ఒడ్డున నిలబడి పిలుస్తుంది. చాలా కష్టమని ఎవరూ పాడరంట."

దీపాలు ఆరాయి. వాయిద్యాలు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు సన్నగా మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయాయి. నలభై గొంతులు ఒక్క పేరు పిలిచాయి. చాలాసేపు చప్పుడు లేదు. మళ్లీ అదే పేరు, ఈసారి ఎక్కడో దూరం నుంచి.

తెర వెనక నిలబడ్డ గంగన్న చెవులు రిక్కించాడు. వాళ్ల ఊళ్లో మనుషులు మూడుసార్లు పిలుస్తారు. రెండు పిలుపులతో ఊరుకునేది మనిషి కాదు, దయ్యం. దానికి పలికినవాడు దాని వెంటే పోతాడు.

మూడోది రాలేదు.

పక్కన ఆ ఖాళీ కుర్చీ కిర్రుమంది, ఎవరో లేచినట్టు. ఆ చీకట్లో పలికింది దేవేందరేమో అనిపించింది గంగన్నకు. మూడోసారి తానే పిలుద్దామని నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.

చప్పట్లు ముగిశాక లక్ష్మిప్రసన్న సంచీ కోసం తెర వెనక్కి వచ్చింది. "ఏంటి బాబాయ్, ఇంకా ఇక్కడే నిలబడిపోయారు?"

"సిస్టరమ్మా, సీదా దవాఖానకే పోతున్నవా?"

"ఆఁ, ఏడింటికి డ్యూటీ ఎక్కాలి."

"సామాన్ ఎత్తేదాంక నన్ను ఇడువరు. నాకు గొంతు గూడ వస్తలేదు. మా దేవేందర్ చెవుల పేరువెట్టి పిలువు బిడ్డా. మూడుసార్లు పిలువు. మీ పాట లెక్క రెండుసార్లకే ఆపకు తల్లీ."