నాయన బీపీ, బోరు లెక్క

ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది: ఎవరు ఏమడిగినా వివరించడం. డిగ్రీలో జీవశాస్త్రం చదివి కొత్తగా ట్యూషన్లు మొదలుపెట్టినవాణ్ణి, ఎదురుగా రాయి కూర్చున్నా గుండె ఎలా కొట్టుకుంటుందో దానికి చెప్పకుండా వదిలేవాణ్ణి కాదు. అలాంటి నాకు దేవుడు మా నాయన్ని ఇచ్చాడు.

నాయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. చేత్తో తడిమితే తప్ప శనక్కాయేదో మట్టిపెళ్లేదో తెలిసేది కాదు. "చూపు రాకుంటే ఈ కారు పంట విత్తేదెట్లరా?" అని ఒకటే దిగులు. కొత్తచెరువు ఊళ్లో కంటి శిబిరానికి తీసుకెళితే డాక్టరు, "బీపీ ఎక్కువుండాది. తగ్గితేనే ఆపరేషన్. ఈ మాత్రలు వేసి వారం దాటినాక తీసుకురాప్పా" అన్నాడు. తిరిగొచ్చే బస్సులో నాయన, "ఈ బీపీ అంటే ఏందిరా?" అన్నాడు. అడగడమే ఆలస్యం! "గుండె మోటరు నాయనా, రక్తనాళాలు పైపులు. ఒత్తిడి ఎక్కువైతే మెదడు ఆ మోటరు జోరు తగ్గిస్తాది, తక్కువైతే పైపులు బిగిస్తాది..." అని మొదలుపెట్టాను. "ఓ, మన బోరు మాదిరే" అన్నాడు నాయన. నా బోధనకు నేనే మురిసిపోయాను.

వారం దాటాక మళ్లీ వెళ్లాం. పేరు పిలవగానే బల్ల మీంచి లేచిన నాయన, రెండడుగులేసి నా మీదికే ఒరిగిపోయాడు. డాక్టరు బీపీ చూసి నాకేసి కళ్లురిమాడు. "లేచి నిలబడితే బీపీ పడిపోతాండాది. ఒంట్లో నీళ్లే లేవు. ఇట్లుంటే ఆపరేషన్ యాడ చేసేది?"

"ఏం చేసినావు నాయనా?" అన్నాను.

"నీళ్లు మానేస్తి." (మాత్రతో ఒక గుక్క తప్ప. అదీ మా ఎండల్లో!) "బోర్లో నీళ్లు తగ్గితే పైపులో ప్రెషర్ తగ్గదా? నువ్వే కదరా చెప్పింది."

"ఒళ్లు బోరు కాదు నాయనా! నీళ్లు తగ్గితే మూత్రపిండాలు ఉన్నవాటినే పట్టుకుంటాయి, నాళాలు బిగుసుకుంటాయి, గుండె పరుగులు తీస్తాది. అయినా చాలకపోతే మనిషి పడిపోతాడు!" శిబిరమంతా వినేలా అరిచాను.

"ఆ పొద్దే చెప్పల్ల గదరా" అన్నాడు నాయన, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు తాపీగా తాగుతూ. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మళ్లీ శిబిరం పెట్టేదాకా ఆగాల్సివచ్చింది. అన్నాళ్లూ పూటపూటకీ చెంబుతో ఎదురుగా నిలబడ్డాను. ఆయన తిడుతూనే తాగాడు. మొత్తానికి ఒక కంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పాక, చుక్కల మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెబుతుంటే వినడే! మళ్లీ గొంతు పెంచాను. నాయన కన్ను చికిలించి నన్నే చూశాడు. "ఏమిరా, అరిస్తే నీ మెడకాడ నరం అంతగా ఉబ్బుతాదా! ఇన్నేండ్లూ చూడనే లేదు. మెల్లగా చెప్పు, వింటా."

విన్లేదు లెండి. ఇప్పుడు గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఆ నరం నాకూ కనబడుతుంది. అరుద్దామంటే నాయన లేడు.