తొడలు దాచుకున్న రెండు రోజులు

ఆ సోమవారం పొద్దున నా మూత్రం నల్లగా వచ్చింది. ముప్పై ఐదేండ్లు బొగ్గుబాయిల పనిచేసినోడిని, ఆ రంగు నాకు తెలుసు. షిఫ్టు దిగినంక చేతులు కడిగితే బకెట్ల మిగిలే నీళ్ల రంగు. అది కూడా కొద్దిగనే వచ్చింది. ఎండలకు వేడి చేసిందనుకొని రెండు చెంబుల మజ్జిగ తాగి పడుకున్న. కాళ్లు మంచం మీదికి ఎక్కించడానికి చేతులతో ఎత్తుకోవాల్సి వచ్చింది.

కాళ్లకు ఏమయిందో చెప్పాలె. నేను ఇల్లందులో ఫుల్ కాంటాక్ట్ కరాటే నేర్పుతా. చేతులకు గ్లోవ్స్ ఉండవు. ముఖం మీద పిడిగుద్దు ఒక్కటి వద్దు. ఛాతీ, కడుపు, తొడలు, ఎక్కడైనా ఉన్న బలమంతా పెట్టి కొట్టొచ్చు. చాలా పోటీలు తొడల దగ్గరనే తేలిపోతయి. మోకాలి కింది ఎముకతో ఒకే చోట పది తన్నులు పడితే ఎంతటోడైనా కూలబడతడు. ఏడో తరగతిల బడి మానేసిన నేను ఈ విద్యను సగం తోటి కార్మికుని దగ్గర, సగం డిక్షనరీ పక్కన పెట్టుకొని పుస్తకాల నుంచి నేర్చుకున్న.

మా దగ్గర బ్లాక్ బెల్ట్ కావాలంటే ఇరవై మందితో వరుసగా, ఒక్కొక్కరితో ఒక నిమిషం తలపడాలె. అయిపోయేదాకా నీళ్లు ముట్టొద్దు. ఆ నీళ్ల కట్టడి పెట్టింది నేనే. నాకు అరవై మూడు నిండిన ఆదివారం, నా పాత శిష్యులను ఇరవై మందిని పిలిచి, ఆ పరీక్ష నేనే మళ్లీ ఇస్తనన్న. కారేపల్లి నుంచి, దమ్మపేట నుంచి బండ్ల మీద వచ్చిండ్రు. మే నెల, రేకుల షెడ్డు. మొదటి నలుగురు దేవుని పటం తుడిచినంత మెల్లగ తన్నిండ్రు. నాకు మండింది.

"ముసలోడినని ముద్దు చేస్తున్నార్రా? తన్నరాకపోతే బెల్టులు ఇప్పి ఆడ పెట్టి పోండ్రి!"

మిగిలిన పదహారు మంది నా మాట విన్నరు. నేను పడలేదు. అందరూ చప్పట్లు కొట్టిండ్రు, నా భార్య సరోజన తప్ప. "అయిందా నీ సంబురం? ఇంటికి నడువు" అన్నది.

ఇంటికొచ్చి వేడి నూనెతో తొడలు గట్టిగ పిసికించుకున్న. సోమవారం సాయంత్రం ఆర్ఎంపీని పిలిచి నొప్పి ఇంజెక్షన్ వేయించుకున్న. మంగళవారానికి వాంతులు, ముఖమంతా ఉబ్బు. మూత్రం రెండు చెంచాలు కూడా రాలే. కారు కిరాయికి మాట్లాడుకొని ఖమ్మం పెద్ద దవాఖానకు పోయినం. దారిల సరోజనకు గట్టిగ చెప్పిన: "తన్నుల ముచ్చట తియ్యకు. ఇరవై మంది కొట్టిండ్రంటే పోలీస్ కేసు రాస్తరు. పిల్లల బతుకులు ఆగమైతయి."

అది సగం నిజం. శిష్యుల చేత తన్నులు తిని మంచాన పడ్డడన్న మాట నేను పడలేకపోవడం మిగతా సగం.

"ఎక్కడన్నా దెబ్బ తగిలిందా పెద్దాయనా?" అని డాక్టర్ అడిగిండు. "మెట్ల మీద జారిన" అన్న. "నొప్పికి ఏమన్నా మందులు?" "ఏం లేవు." లుంగీ మోకాళ్ల కిందికి గుంజుకున్న. రాళ్లేమోనని స్కానింగ్ చేసిండ్రు, లేవు. ఇన్ఫెక్షనేమోనని మూత్రం కల్చర్ పరీక్షకు పంపిండ్రు. రక్త పరీక్షల క్రియాటినిన్ ఆరు వచ్చింది.

"ఆరంటే ఏంది సార్?"

"ఒకటి దగ్గర ఉండాలె. కిడ్నీలు ఆగిపోతున్నయి. ఎందుకో దొరుకుతలేదు."

బుధవారం ఎనిమిది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

గురువారం పొద్దున మూత్రానికి పైపు వేయడానికి సిస్టర్ లుంగీ తీసింది. తుంటి నుంచి మోకాలి దాకా రెండు తొడలూ నేరేడుపండు రంగుల ఉన్నయి. ఆమె ఉరుక్కుంట పోయి డాక్టర్‌ను తోలుకొచ్చింది. ఆయన ఒక్కసారి చూసి, సరోజనను బయటికి పిలిచిండు. తలుపు సందుల నుంచి నాకు వినపడుతనే ఉంది.

"భయపడకుండ చెప్పమ్మా. ఇంట్ల ఎవరు కొడుతున్నరు? కొడుకులా?"

"మాకు కొడుకులు లేరు సార్."

"మరి నువ్వా?"

"నేనే కొడితే ఇంకా గిట్ల అబద్ధాలు చెప్తుండునా సార్?" అన్నది. ఆ తర్వాత ఏడ్చుకుంట ఇంజెక్షన్ దాకా అన్నీ చెప్పేసింది.

డాక్టర్ వచ్చి నా పక్కన కూర్చున్నడు. "దీన్ని రాబ్డోమయోలైసిస్ అంటరు. తన్నులకు కండ నలిగి, దాని చెత్త రక్తంల కలిసి కిడ్నీలల్ల పడ్డది. ఒంట్ల నీళ్లు లేవు, పైన నొప్పి ఇంజెక్షన్. మొదటి రోజే చెప్తే కండ నలిగింది తేల్చే సీపీకే రక్తపరీక్ష చేయించి సెలైన్ ఎక్కిస్తుంటి. డయాలసిస్ దాకా రాకపోవునేమో."

"పిల్లల మీద కేసు అయితదని..."

"ఆటల తగిలిందంటే అదే రాస్తం. కొట్లాట కేసు తప్పించాలని వాళ్ల మీద చావు కేసు పెట్టిపోతుంటివి గదా!"



మెడకు ట్యూబ్ వేసి డయాలసిస్ మొదలుపెట్టిండ్రు. మొదటిసారి బీపీ పడిపోయింది. మూడోసారి తర్వాత చలిజ్వరం. ట్యూబ్ ఇన్ఫెక్షన్ అని తీసి ఇంకోటి వేసిండ్రు. "కిడ్నీలు మళ్లీ పనిచేస్తయా సార్?" అంటే "చెప్పలేను, ఆగి చూడాలె" అన్నడు. పక్క మంచం ఆయన మూడేండ్లుగా వారానికి మూడుసార్లు వస్తున్నడట. ఆయన చేతి మీద డయాలసిస్ సూదులకు ఉబ్బిన నరం చూసుకుంట నా చేతిని లుంగీల దాచుకున్న.

ఆ మంచం మీదనే నా పాత శిష్యుడు శంకర్ గుర్తుకొచ్చిండు. ఏండ్ల కింద బెల్ట్ పరీక్ష అయినంక "మాస్టర్, మూత్రం ఎర్రగ పోతున్నది" అన్నడు. "పిరికి మాటలు మాట్లాడకు, ఆదివారం ప్రాక్టీసుకు రా" అన్న. మళ్లీ రాలేదు. భయపడి పారిపోయిండని పది మందికి చెప్పిన. నంబర్ కనుక్కొని ఫోన్ చేసిన.

"బానే ఉన్న మాస్టర్. మా నాయన ఆ రోజే దవాఖానకు తీస్కపోయిండు. మీకు చెప్తే తిడతరని రాలే."

"తిట్టేటోణ్ణే" అన్న.

ఎనిమిదో డయాలసిస్ తర్వాత రోజు బ్యాగ్‌ల పావు లీటరు మూత్రం పడ్డది. సరోజన ఆ బ్యాగ్‌ను పండుగ పూట పాలు పొంగుతుంటే చూసినట్టు చూసింది. వారం తర్వాత మెడ ట్యూబ్ తీసిండ్రు.

ఇప్పుడు క్రియాటినిన్ ఒకటిన్నర దగ్గర ఆగింది. ఉప్పు తగ్గించిన. నొప్పి గోళీలు, తన్నులు తినుడు పూర్తిగ బంద్. డిశ్చార్జ్ కాగితం అర్థం చేసుకోవడానికి డిక్షనరీతో నాలుగు రోజులు పట్టింది. నా ఒంటి సంగతి నాకు తెలుగుల రాసిస్తే ఎవరి సొమ్ము పోతది? పోటీలు పెట్టేటోళ్లు అతిథులకు దండలు, శాలువాలు తెస్తరు. పక్కన ఒక్క డాక్టర్‌ను కూర్చోబెట్టరు. అందరినీ తిట్టొచ్చు గానీ, నీళ్లొద్దని అన్నది వాళ్లు కాదు, నేను.

మొన్నటి బెల్ట్ పరీక్షల ప్రతి నిమిషానికీ నీళ్లు ఇచ్చిన. రజిత అనే అమ్మాయి పద్నాలుగో మనిషి దగ్గర కాలు ఈడుస్తుంటే ఆపేసిన. "ఇంకా ఆరుగురే గదా మాస్టర్!" అని కోపంతో బెల్ట్ విసిరి పోయింది. తెల్లారి ఫోన్ చేసి మూత్రం రంగు ఏందని అడిగిన.

"గిదేం ప్రశ్న మాస్టర్, సిగ్గనిపిస్తలేదా?"

"లేదు బిడ్డా, చెప్పు."

"మామూలుగనే ఉంది" అన్నది.

చదివేటోళ్లకు ఒక్కటే మాట. ఆటలనైనా, పనిలనైనా కండలు నలిగేటట్టు దెబ్బలు తగిలినంక మూత్రం రంగు మారితే, తగ్గితే, పిసికించుకోకండి, నొప్పి మందు వేసుకోకండి. అదే పూట దవాఖానకు పోండి. డాక్టర్ అడగకముందే లుంగీ పైకి తీసి, తన్నులు తిన్న అని చెప్పండి.