గోడకు అందని తల

నా చిన్నప్పుడు బెంగాల్లోని ఖిదిర్‌పూర్ ఓడరేవు పక్క సందులో మాది ఒంటిగది ఇల్లు. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఓడల్లోకి బస్తాలు మోసి బతికినవాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన ఆ పని మానేశాడు గానీ, మెడ మాత్రం బస్తా కిందనే ఉండిపోయింది. తల భుజాల కన్నా బాగా ముందుకు సాగి, చూపు ఎప్పుడూ నేల మీదే ఉండేది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే నడుము దగ్గర నుంచి వెనక్కి వాలేవాడు.

నాకు ఆయనంటే ప్రాణం. ఆయన వేలు పట్టుకుని తిరిగీ తిరిగీ ఆ నడకే నాకూ పట్టుబడింది. మెడ ముందుకు చాచి, నేల చూసుకుంటూ నడిచేదాన్ని. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు సరికదా, మురిసిపోయారు. మా అమ్మ దృష్టిలో తల వంచుకుని నడిచే ఆడపిల్ల బుద్ధిమంతురాలు. నేను మాసీ అని పిలిచే ఎదురింటి బెంగాలీ ఆవిడ అయితే నన్ను చూపించి తన కూతుళ్లకు సుద్దులు చెప్పేది. ఊరికే అంత పొగడ్త వస్తుంటే ఏ పిల్ల తల ఎత్తుతుంది? సాయంత్రమయ్యేసరికి మెడ వెనక సలుపు, పుస్తకం ముందు కూర్చుంటే తలనొప్పి. అమ్మ కొబ్బరినూనె మర్దనా చేసి, చదువు ఎక్కువైందనేది.

తాతయ్య ఒక్కడే నా నడక చూసి ముఖం తిప్పుకునేవాడు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు, బాధగా ఉండేది.

ఒక ఆదివారం పొద్దున నన్ను గంగ ఒడ్డుకు తీసుకెళ్లాడు. రేవులో పెద్ద ఓడ ఆగి ఉంది. అక్కడి పాత గోదాము గోడకు తన వీపు ఆనించి నిలబడి, నన్నూ పక్కన అలాగే నిలబడమన్నాడు. మడమలు, వీపు, భుజాలు గోడకు తగిలాయి.

"ఇప్పుడు తల ఆనించు. గెడ్డం పైకెత్తకు, కొద్దిగా లోపలికి లాగు" అన్నాడు.

మెడ వెనక పట్టేసినట్టయింది గానీ, నా తల గోడకు తగిలింది.

"ఇప్పుడు నా తలెనక సెయ్యెట్టి సూడు గుంటా."

మునివేళ్ల మీద లేచి పెట్టాను. చెయ్యి మీద చెయ్యి పెట్టినా ఇంకా సందు మిగిలింది. ఆయన బలమంతా కూడదీసుకుని తల వెనక్కి నెట్టాడు. నరాలు ఉబ్బాయి. తల గోడకు అందలేదు.

"నాది మరింక అందదమ్మా. మోసీ మోసీ ఇలగైపోనాది. నీ నెత్తి మీద ఏటి బరువున్నాదని వొంగిపోతన్నావు?"

తర్వాత ఆయన, ఓడ మీద అన్నిటికన్నా పైన ఏముందో చూసి చెప్పమన్నాడు. పొగగొట్టానికి ఎర్ర చార ఉందని, దాని పైన జెండా కొయ్య ఉందని, కొయ్య కొసన గద్ద కూర్చుందని చెప్పాను.

"గద్దా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఎన్ని ఓడల కడుపులు నింపినానో గానీ, ఆటి కొస సూసి శానా ఏళ్లైపోనాది."

ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన నా నడకలో తన మెడనే చూసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే ట్రంకు పెట్టె నా ముందుకు జరిపి, దాని మీద పుస్తకం ఏటవాలుగా నిలబెట్టాడు, అక్షరాలు కళ్లకు ఎదురుగా ఉండేలా. తల ఎత్తి నడిస్తే నలుగురూ ఏమంటారోనని అమ్మ గొణిగింది. "బుద్ధి తలకాయలోన ఉంటాదమ్మా, మెడ వొంపులోన కాదు" అన్నాడు. రోజూ పొద్దున్నే నన్ను గోడకు నిలబెట్టేవాడు. మెడ సలుపు తగ్గడానికి చాలా కాలమే పట్టింది.

ఇప్పుడు నా మనవరాలు ఫోను మీదికి అలాగే వంగిపోతోంది. తిట్టలేదు. నాతో పాటు గోడకు నిలబెట్టాను. అది నా తల వెనక చెయ్యి దూర్చబోయి, "మామ్మా, సందు లేదు గదా" అంది. ఆ మాట వినాల్సినవాడు లేడు.

ఇప్పటికీ రేవు వైపు వెళ్తే ఓడ ముందు ఆగుతాను. తల ఎత్తి, కొసన జెండా ఉందో పిట్ట ఉందో చూసి, మా తాతయ్యకు మనసులో చెబుతాను.