మర్యాదగల మొగుడు

ఆంజే పట్టణంలో గాస్తోన్‌కు మంగలి దుకాణం ఉండేది. చేతిలో కత్తి ఉన్నా అతని ధ్యాసంతా సినిమాల మీదే. చూసిన సినిమా కథ చెప్పడం పూర్తయ్యేదాకా ఎవరినీ కుర్చీలోంచి లేవనిచ్చేవాడు కాదు. ఒకసారి మేయరుగారు వేళ మించిపోతోందని ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతోనే పరుగెత్తి వెళ్లి టౌనుహాలులో ఒక జంటకు పెళ్లి జరిపించారని ఊళ్లో చెప్పుకునేవారు.

ఒక ఆడది, ఇద్దరు మగాళ్లు, ఒక భోజనాల బల్ల. సినిమాలో ఇవి ఉంటే చాలు, వానలో తడిసైనా భార్య మతిల్ద్‌ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆ చిత్రాల్లో మొగుడు అరవడు. ప్రియుణ్ణి ఇంటికి పిలిచి మంచి వైను పోస్తాడు. ఆఖరి రీలులో భార్య నవ్వుతూ మొగుడి దగ్గరికే వస్తుంది.

అందుకే మతిల్ద్ పశువుల డాక్టరు ఎతియెన్‌తో తిరుగుతోందని తెలిసినా గాస్తోన్ బెదరలేదు. ఆమెను నిలబెట్టుకునే దారి తనకు తెలుసనుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం డాక్టరును భోజనానికి పిలిచి, బాతు వేయించి, మీసానికి మైనం రాసుకున్నాడు.

"రండి డాక్టరుగారూ! మీ హస్తవాసి గురించి మా ఆవిడ తెగ పొగుడుతుంది."

"ఆవులు కూడా అదే మాటంటాయండీ."

మతిల్ద్ పగలబడి నవ్వింది. గాస్తోన్ ఇంకా గట్టిగా నవ్వాడు, కానీ చెవి మాత్రం అటే వేసి ఉంచాడు. వాళ్లలో మనసుకు దగ్గరైనవాళ్లనే నువ్వంటారు; ఆమె డాక్టరును "నువ్వు" అందంటే తన పని అయిపోయినట్టే. ఉప్పు అడిగినా, రొట్టె అందించినా ఆమె "మీరు" అనే అంది. ఇంకా అంతదూరం పోలేదన్నమాట! సంతోషంతో రెండో సీసా తెరిచాడు.

జున్ను పళ్లెం జరుపుతూ మతిల్ద్ అడిగింది.

"మీరు మరో ముక్క తీసుకుంటారా?"

"మిమ్మల్నేనండీ," అన్నాడు గాస్తోన్ డాక్టరుతో.

"నన్ను కాదు. తమరినే," అన్నాడు ఎతియెన్ నోరు తుడుచుకుంటూ.

ఇరవై రెండేళ్లుగా కోపంలో, జ్వరంలో, పక్కలో ఆమెకు గాస్తోన్ ఎప్పుడూ "నువ్వే". బ్యాంకు గుమాస్తాను పలకరించే మాట ఇప్పుడు అతనికి వచ్చింది.

"నన్ను మీరంటావేమిటే? అతన్నీ మీరనే అంటున్నావుగా!"

"మీ ఎదుట ఆయనతో మర్యాద పాటించాలి కదండీ."

గాస్తోన్‌కు ఒక్కటే ఆశ మిగిలింది. ఏదో సినిమాలో వెళ్లిపోబోయే భార్యకు మొగుడే పెట్టె సర్దుతాడు. అది చూసి ఆమె ఏడ్చి, ఆగిపోతుంది. గాస్తోన్ మేడెక్కి ఆమె రవికలన్నీ ముడత పడకుండా మడిచి, పెట్టె తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. కన్నీళ్ల కోసం ఆమె కళ్లలోకి చూశాడు.

మతిల్ద్ వంగి మూత తెరిచింది. లోపలంతా తడిమి చూసింది.

"చక్కగా సర్దారు. చలికాలం కోటే మరిచిపోయారు."

గాస్తోన్ మళ్లీ మేడెక్కాడు.