సమాధులకు సున్నం వేసిన శనివారం

మేముండే గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్లలో ఏటా ఎండలు ముదిరే ముందు చెట్ల మొదళ్లకు సున్నం వేయిస్తారు. ఈ ఉదయం కింద ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ డ్రమ్ములో సున్నం కలుపుతుంటే ఆ వాసన మా మూడో అంతస్తు దాకా వచ్చింది. కొంచెం ఘాటుగా, కొంచెం చల్లగా, అప్పుడే తడిసిన గోడలా ఉండే వాసన. వంటింటి కిటికీ మూయబోయి ఆగిపోయాను. చాలామందికి ఈ వాసనతో పెళ్లిళ్లో, పండగకు తెల్లబడిన ఇళ్లో గుర్తొస్తాయి. నాకు సమాధులు గుర్తొస్తాయి.

నా చిన్నప్పుడు ఖాజాగూడ బండల పక్కన రాళ్లు కొట్టేవాళ్ల బస్తీ ఒకటి ఉండేది. పాలమూరు వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లమే అందరం. ఎండాకాలంలో పొద్దంతా కాగిన బండలు చీకటి పడ్డా వేడి వదిలేవి కావు, వాటి మీద ఆరేసిన చింతపండూ మిరపకాయలూ పిల్లల బట్టలూ అన్నీ ఒకే వాసన వేసేవి. వానలు పడితే బండల గుంటల్లో నీళ్లు నిలిచి వాటిలో కప్పపిల్లలు ఈదేవి. వానలు వెనకబట్టాక రాళ్ల సందుల్లో సీతాఫలాలు కళ్లు విప్పేవి, వాటిని తెంపుకొచ్చి బియ్యం డబ్బాలో దాచి, పండాయో లేదో అని నొక్కి నొక్కి చూసి పండకముందే పాడుచేసేవాళ్లం. ఆడపిల్లలం నున్నటి కంకర రాళ్లు ఏరుకుని కచ్చకాయలు ఆడుతుంటే, అమ్మా తక్కిన ఆడవాళ్లూ పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేళ్లకు చుట్టుకుని కంకర కొట్టేవాళ్లు. ఆ సుత్తెల చప్పుడు మాకు ఎంత అలవాటంటే, అది ఆగినప్పుడే తలెత్తి చూసేవాళ్లం.

మా ప్రార్థన మందిరం ఒక రేకుల షెడ్డు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన పాస్టరయ్య వారమంతా మదీనాగూడలో బట్టలు కుట్టి ఆదివారం మాకు వాక్యం చెప్పేవాడు. ఆయన చొక్కా మీద ఎక్కడో ఒకచోట దారపు పోగు అంటుకుని ఉండేది. క్రిస్మస్ వస్తే వెదురు బద్దలకు రంగు కాగితాలు అతికించి నక్షత్రం చేసి రేకుల మీద నిలబెట్టేవాళ్లు. ఇంటింటా సకినాలు చుట్టేవాళ్లు. పండగనాడు బగారా అన్నంలోని షాజీరా, పుదీనా వాసన బస్తీ చివరిదాకా పోయేది. ఉపవాసపు నలభై రోజుల శ్రమదినాల్లో మాంసం మానేసి పప్పూ పచ్చిపులుసుతో గడిపాక, ఈస్టర్ నాటి మటన్ కూర ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు పిల్లలం పరలోకాన్ని సులభంగా నమ్మేవాళ్లం.

యేసోబు మామ అమ్మకు ఒక్కడే తమ్ముడు. వాళ్లమ్మ తొందరగా పోవడంతో అమ్మే, తానూ చిన్నపిల్లయి ఉండి, ఆయన్ని చంకనెత్తుకుని పెంచింది. పెద్దయ్యాక ఆయన కంకర ట్రాక్టరు నడిపేవాడు. తాగనప్పుడు అంత మంచి మనిషి మరొకరు లేరు. తాగని రోజులు తక్కువ. మా అన్న దానియేలుకు మామ అంటే ప్రాణం. ట్రాక్టరు వెనక్కి తీసేటప్పుడు ట్రాలీ వెనక నిలబడి, పెద్ద డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నట్టు చేయి ఊపుతూ "ఆనేదో, ఆనేదో" అని, రానిమ్మని అరవడం అన్నకు ఇష్టమైన పని. ఆ పిలుపుకు మామ కొలతగా వెనక్కి వచ్చేవాడు. అన్న ట్రాలీ మీద అరచేత్తో కొడితే ఆగేవాడు.

ఒక సాయంత్రం అన్న కొట్టాడు, మామ ఆగలేదు. ఆరోజు పొద్దుటినుంచీ తాగుతూనే ఉన్నాడు. ట్రాలీకీ బండకూ మధ్య అన్న ఉండిపోయాడు. సుత్తెల చప్పుడు ఆగింది. నేను తలెత్తి చూసేసరికి అమ్మ పరుగెత్తుతోంది, వేళ్లకున్న ట్యూబు ముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ సాయంత్రం గురించి ఇంతకు మించి రాయను.

అన్నను బండల వెనక, మా వాళ్ల సమాధులుండే చోట పెట్టారు. మామను పోలీసులు తీసుకుపోయారు. అమ్మ పెద్దగా ఏడ్చినట్టు నాకు గుర్తులేదు. కంకర కొట్టడానికి వెళ్లింది, వండింది, నా జడ వేసింది. జడ మాత్రం తల నొప్పెట్టేంత బిగించి వేసేది. మందిరానికి కూడా వచ్చేది, కానీ పరలోక ప్రార్థనలో, మేము ఇతరులను క్షమించినట్టే మమ్మల్ని క్షమించమని అడిగేచోట ఆమె గొంతు ఆగిపోయేది. పక్కన నిలబడిన నాకు అది తెలిసేది. ఆ మాట దాటాక మళ్లీ కలిసేది. ఎందుకమ్మా అని అడిగితే, దేవునితో అబద్ధమాడను అంది.

కొన్నాళ్లకు మామ జైలు నుంచి వచ్చాడు. బస్తీలోకి రావడానికి ధైర్యం చాలక మందిరం అరుగు మీద పడుకునేవాడు. పాస్టరయ్య తన అన్నంలో సగం పెట్టేవాడు. మామ తాగుడు మానేశాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. మా పక్కింటి లచ్చమ్మ నీళ్లకు పోతూ ఆయన వినేలా, సారా దుకాణపోడు నీకోసం అన్నం మానేసిండట, జర పోయి చూసిరా అని ఎగతాళి చేసేది. మామ తలవంచుకుని నవ్వేవాడు. ఆమె బిందె అందుకుని ఇంటిదాకా మోసిపెట్టేవాడు. నెలలు గడిచాక లచ్చమ్మే ఆ మాటలు మానేసింది.

బాప్తిస్మం ఇవ్వబోయే ముందు పాస్టరయ్య మా ఇంటికి వచ్చాడు. అమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. దేవుడు యేసోబును క్షమించాడని, పాత మనిషి పోయి కొత్త మనిషి అవుతున్నాడని ఆయన మెల్లగా చెప్పాడు. అమ్మ చేటలోంచి తల ఎత్తలేదు.

"దేవునికేం, మాఫ్ చేస్తడు. ఆయన కొడుకు మూడోనాడు లేసిండు. నా కొడుకు లేసిండా?"

మా నాయన లోపలి నుంచి గబుక్కున బయటికి వచ్చాడు. పాస్టరయ్యకు కోపం వస్తుందనుకున్నాం. ఆయన అక్కడే కూర్చుని చొక్కా మీది దారపు పోగు తీసి వేలికి చుట్టుకున్నాడు.

"నా దగ్గర జవాబు లేదమ్మా. ఉందని చెబితే పాపం. మీరు రోజూ ఆయన్నే అడగండి" అని లేచి వెళ్లిపోయాడు.

బాప్తిస్మం ఖాజాగూడ చెరువులో జరిగింది. మామ తెల్లచొక్కా ఒంటికి అంటుకుపోయి, వణుకుతూ ఒడ్డుకు వచ్చాడు. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. నీళ్లలోంచి వచ్చినవాళ్లకు సంఘంలోని ప్రతి ఒక్కరూ వరసగా కుడిచేయి అందించి తమలో కలుపుకునేవారు. నాయన ఇచ్చాడు, కళ్లు తుడుచుకున్నాడు. నేను ఇచ్చాను, మామ చేయి చెరువు నీళ్లంత చల్లగా ఉంది. అమ్మ వంతు వచ్చేసరికి ఆమె కుడిచేతిని కొంగు కింద పెట్టుకుంది. మామ చాచిన చేయి కాసేపు అలాగే ఉండి కిందికి దిగింది. పాట ఆగకుండా పాస్టరయ్య ఇంకా గట్టిగా పాడాడు.

అప్పటినుంచి ఏటా ఈస్టర్ ముందు శనివారం నాకు భయంగా ఉండేది. ఆరోజు బస్తీ అంతా సమాధుల దగ్గరికి చేరేది. గడ్డి పీకి, మట్టి సర్ది, ఈతమట్ట నలగ్గొట్టి చేసిన కుంచెలతో సున్నం వేసేవాళ్లు. మర్నాడు తెల్లవారకముందే వచ్చి కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పెట్టి, పునరుత్థానం పాటలు పాడి, చాయ్‌లో బన్ను ముంచుకుని తినేవాళ్లం. మామ ఆ శనివారం అందరికన్నా ముందు వచ్చేవాడు. చెరువు నుంచి నీళ్లు మోసేవాడు, సున్నపు గడ్డలు కుండలో వేసి నీళ్లు పోసి బుసబుస పొంగుతుంటే కర్రతో కలిపేవాడు. అయినవాళ్లు లేని సమాధులన్నిటికీ, ఊరు వదిలిపోయినవాళ్ల సమాధులకు, పేరు కూడా ఎవరికీ తెలియని పాత సమాధులకు ఆయనే సున్నం వేసేవాడు. అన్న సమాధి దాకా వచ్చి ఆగి, దాన్ని వదిలేసి అవతలి దానికి వెళ్లేవాడు. దానికి అమ్మే వేసేది. ఆమెకు కావలసిన సున్నం మాత్రం చిన్న డబ్బాలో పోసి దూరంగా పెట్టి తప్పుకునేవాడు. అమ్మ ఆ డబ్బా వాడుకునేది, పెట్టిన మనిషిని చూసేది కాదు.

నాకు పన్నెండో పదమూడో వచ్చిన ఏడు, కుండలో సున్నం ఒక్కసారిగా ఎగసి మామ ముఖం మీద పడింది. ఆయన కన్ను పట్టుకుని కూలబడ్డాడు. దగ్గరున్నది అమ్మే. ఆమె ఆలోచించడం నేను చూడలేదు. నీళ్ల బిందె ఎత్తుకొచ్చి, ఆయన తలను ఒళ్లో పెట్టుకుని, రెప్పలు వేళ్లతో విప్పి నీళ్లు ధారగా పోసింది. ఒక బిందె అయిపోతే ఇంకొకటి తెమ్మని నామీద అరిచింది.

"తెరువు తమ్మీ, కన్ను తెరువు. జర ఓర్చుకో. అక్కనే, అక్కనే."

ఎన్నో ఏళ్లుగా ఆమె నోట రాని పిలుపు అది. మామ నొప్పికి ఏడ్చాడో, ఆ పిలుపుకు ఏడ్చాడో ఎవరం చెప్పలేం. నాయన ఆటో తెచ్చి ఆయన్ని దవాఖానకు తీసుకుపోయాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. మామ కంటికి పట్టీ ఉంది. చూపు పోదన్నారని నాయన చెప్పాడు. అందరూ పని ముగించుకుని వెళ్లిపోతున్నా అమ్మ అన్న సమాధి దగ్గరే కూర్చుని ఉంది. ఒక పక్క సున్నం వేసి, రెండో పక్క వేయకుండా వదిలేసింది. మామను పిలిచి కుంచె చాపింది. ఆయన అందుకోలేదు.

"తిట్టు అక్కా. తిడితేనే నాకు మంచిగుంటది."

"తిట్టుడు అయిపోయింది. మాఫ్ చేసిన తమ్మీ. మల్ల అడగకు. ఎయ్యి, నీ మేనల్లుడే కద."

మామ కుంచె పట్టుకున్నాడు గానీ చేయి కదల్లేదు. అమ్మ తన కుడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. అలా ఇద్దరూ కలిసి ఆ పక్కంతా వేశారు. చారలు చారలుగా, వంకరగా వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తుల మధ్య పరలోక ప్రార్థనలో అమ్మ గొంతు ఎక్కడా ఆగలేదు. కానీ ఆమె సంతోషంగా ఉందని చెప్పలేను. మోస్తున్న బరువు దించినవాళ్లకు ముందు భుజాలు నొప్పి పుడతాయి. ఆమె చాలారోజులు అలా కనిపించింది.

తర్వాత బండలు పగిలాయి, అద్దాల భవనాలు లేచాయి, బస్తీ చెదిరిపోయింది. సమాధులున్న చోట ఇప్పుడు రోడ్డుంది. ఎముకలు తీసి వేరేచోట పెట్టుకోమన్నప్పుడు నాయన వెళ్లాడు, కొంచెం మట్టితో తిరిగొచ్చాడు. ఆయనా, పాస్టరయ్యా ఇప్పుడు లేరు.

అమ్మకు మతిమరుపు మొదలై కొన్నేళ్లయింది. ఆమె జ్ఞాపకాలు ఈ చివరినుంచి రాలడం మొదలుపెట్టాయి. ముందు ఈ ఇల్లు పోయింది, తర్వాత నా పెళ్లి, తర్వాత నాయన చావు. ఒక ఆదివారం మామ ఎప్పటిలాగే ఆరాధన అయ్యాక అరటిపండ్లు పట్టుకుని వస్తే, అమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"ఏ మొఖం పెట్టుకొని వచ్చినవ్‌రా? నా కొడుకేడి?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆ శనివారం కూడా రాలిపోయింది. అన్న చావు మాత్రం మిగిలింది.

మామ చెప్పుల స్టాండు పక్కన నిలబడి, "తప్పయింది అక్కా" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే జరిగింది. ఆమె గోడవైపు తిరిగేది, ఆయన తప్పయిందని చెప్పి, పండ్లు నా చేతికిచ్చి వెళ్లిపోయేవాడు. ఒకసారి లిఫ్టు దాకా వెంటపోయి ఉండబట్టలేక అన్నాను, అప్పుడే మాఫ్ చేసిందని ఎందుకు చెప్పవు మామా అని.

"చెప్తే పరేషాన్ అయితది బిడ్డా. ఆమె మర్చిపోయింది. నేను మర్చిపోలే గద. నువ్వేం ఫికర్ చేయకు" అన్నాడు.

మామ పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఊరికి చాలా దూరంగా, చోటు దొరికిన దగ్గర పెట్టాం. అమ్మను తీసుకెళ్లాను. ఎవలు పోయిన్రు అని అడిగితే యేసోబు అన్నాను. తాగి తాగి పోయిండా అంది. లేదమ్మా, తాగుడు మానేసి ఎన్నో ఏండ్లయింది అన్నాను. ఆమె గుప్పెట్లో మన్ను పట్టుకుని గుంత అంచున చాలాసేపు నిలబడింది. ఆ మన్ను తానే వేసిందో, చేతిలోంచి జారిందో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం సమాధి దగ్గర జరిగింది చూసినవాళ్లలో దాన్ని గుర్తుపెట్టుకున్నది ఇక నేనొక్కదాన్నే. అందుకే రాస్తున్నాను. నా తర్వాత అది ఎక్కడుంటుందో తెలియదు. దేవుని దగ్గర ఉంటుందని అమ్మ నమ్మింది. నమ్మాలని నేనూ చూస్తాను. కొన్ని రోజులు చేతకాదు.

ఇవాళ ఆదివారం. అమ్మ లేచి, యేసోబు రాలేదేంది అని అడిగింది. తిట్టడానికో, అన్నం పెట్టడానికో ఆ గొంతులో తెలియలేదు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. సున్నం కుండ, నీళ్ల బిందె, ఆమె పట్టుకున్న మణికట్టు, అన్నీ. పరాయివాళ్ల కథ విన్నట్టు చివరిదాకా విన్నది. ఆమె కళ్లు తడిశాయి.

"ఆమె ఎవలు బిడ్డా?" అంది.

"నువ్వేనమ్మా."

చాలాసేపు తన చేతులవైపు చూసుకుంది.

"నేనా? గంత మనసు నాకేడిది?"