నక్కెర పండు

బాపట్లలో మా వీధి చివర ఖాళీ స్థలంలో ఎవరూ నాటని చెట్టొకటి పెరిగింది. రేగుపళ్ళకన్నా చిన్న ఎర్రటి పళ్ళు కాసేది. దాని పేరు ఎవరికీ తెలియదు. మా అత్తగారికి మాత్రం పేరుతో పని లేదు. పిట్ట కొట్టిన పండు మనిషి తినొచ్చని ఆవిడ సూత్రం. రేపల్లె దగ్గర గట్ల వెంట పరికి, బలుసు, నక్కెర పళ్ళు ఏరుకు తిని పెరిగిన మనిషి. పిట్టకు పడ్డదల్లా మనకు పడుతుందా అని నేనంటే, "తెనాలి బజార్లో పళ్ళు కొనుక్కు తిన్నదానివి, నీకేం తెలుసులే" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. మనవరాలికి మాత్రం ఆవిడ మాట వేదం.

ఒక సాయంత్రం మా ఆరేళ్ళ పిల్ల గుప్పెడు ఆ ఎర్రటి పళ్ళతో ఇంటికి వచ్చింది.

"పిట్ట కొట్టినవే తిన్నానమ్మా" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉమ్మెయ్యమని అరుస్తూ వీపు మీద ఒకటి వేశాను. పిల్ల బెదిరిపోయింది. "నాయనమ్మా, నేను చచ్చిపోతానా?" అని ఏడుపు లంకించుకుంది.

అప్పటికే అత్తగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. గోడ పట్టుకుని వచ్చి, దాని గుప్పిట్లోంచి ఒక పండు తడిమి తీసుకుని నోట్లో వేసుకున్నారు. నిదానంగా నమిలి మింగారు.

"నక్కెర పండేనే. చిన్నప్పుడు ఇవి బోలెడు తిన్నాను" అన్నారు.

పిల్ల ఏడుపు ఆపింది. నాకు మాత్రం నమ్మకం చాలలేదు. ఇద్దరినీ ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చూసి, భయం లేదన్నారు.

తర్వాత తెనాలిలో అత్తగారికి కళ్ళ ఆపరేషన్ చేయించాం. చూపు కుదుటపడ్డాక ఒకరోజు నాతో వీధి చివరిదాకా నడిచి, ఆ చెట్టు దగ్గర ఆగారు.

"ఇదేం చెట్టమ్మాయ్?"

"నక్కెర చెట్టు కదండీ అత్తయ్యా. పిల్ల తిన్నరోజు మీరేగా చెప్పారు."

ఆవిడ కాసేపు ఆకుల్లోకి చూశారు.

"నక్కెర పండంటే నోరంతా బంక, మధ్యన ఒకటే గింజ. ఆరోజు నోట్లో ఇసకలాగా గింజలు తగిలాయి. కొరగ్గానే కాదని తెలిసింది."

"తెలిసీ ఎలా మింగారండీ?"

"నా మాట నమ్మి తిందది. పిల్లనొక్కదాన్నే వదిలేస్తానా?"

నాకు కళ్ళు నిండిపోయాయి. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడు బాగానే కనపడుతోందిలే" అన్నారు. నేను మాత్రం ఇంటిదాకా వదల్లేదు.