కొత్త యజమానికి గ్లాసుడు నీళ్ళు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు, గోనెసంచుల మిల్లు స్థలం మళ్ళీ చేతులు మారిందన్న కబురు వన్ టౌన్‌లోని మా అత్తవారింటికి ఒకే పూట వచ్చాయి. మొదటిది విని ఏడ్చాను. రెండోది విని, ఆవిడే ఉంటే ఈపాటికి చింతపండుతో ఇత్తడి గ్లాసు తోముతూ ఉండేది కదా అనుకుని మళ్ళీ ఏడ్చాను.

మల్కాపురం దగ్గర ఆ మిల్లులో పెద్దమ్మ సంచులు కుట్టేది. కూలీలకి వరసగా కట్టిన మిల్లు లైన్లలోనే మా ఇళ్ళు. సముద్రం పక్కనే కావడంతో చుట్టుపక్కల నూతులన్నీ ఉప్పు. తియ్యటి నీళ్ళ నుయ్యి ఒక్కటే, అదీ మిల్లు స్థలంలోనే ఉంది. స్థలం ఎవరు కొంటే నుయ్యి వాళ్ళది. మిల్లు అమ్మకానికి వచ్చిన ప్రతిసారీ లైన్ల ఆడవాళ్ళ గుండెల్లో రాయి పడేది.

అందుకని పెద్దమ్మ ఒక ఆనవాయితీ పెట్టింది. కొత్త యజమాని కొబ్బరికాయ కొట్టి గేటులో అడుగుపెట్టేసరికి, ఆ నూతి నీళ్ళు గ్లాసు నిండా పట్టుకుని ఎదురు నిలబడేది.

"మన సేతి నీల్లు తాగినోడు మన నుయ్యి కప్పెట్టలేడే గుంటా," అనేది నాతో.

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. అయినా మమ్మల్ని పాత కులం పేరుతోనే చూసే పెద్దమనుషులకి మా చేతి నీళ్ళు గొంతు దిగవని ఆవిడకి తెలుసు. తెలిసే పట్టుకెళ్ళేది.

మిల్లు కట్టించిన షావుకారు ఆ నీళ్ళే తాగేవాడట. ఆయన కొడుకులు పంపకాలు తెగక ఆనందపురం ఆసామికి అమ్మేశారు. ఆసామి వచ్చిన రోజున పెద్దమ్మ తెల్లబట్టలు చూసి డ్రైవరుకి గ్లాసు అందించేసింది. అతను గటగటా తాగి, "నాను డ్రైవర్నమ్మా, ఓనరు ఆయన," అని నలిగిన పంచెలో ఉన్న మనిషిని చూపించాడు. ఆసామి పడీపడీ నవ్వి, తనూ అడిగి తాగాడు. లైన్లలో ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకున్నాం.

"మంచిదేగా, ఇద్దరు తాగీసినారు," అనేది పెద్దమ్మ.

స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాక భూములకి రెక్కలొచ్చాయి. ఆసామి గోడౌన్లు కట్టే కాంట్రాక్టరుకి అమ్మేశాడు. మిల్లు మూతపడింది. యంత్రాలు విప్పడం మొదలైంది. నూతికీ మా లైన్లకీ మధ్య గోడకి పునాది తవ్వారు. పెద్దమ్మ గ్లాసుతో ఎదురెళ్ళింది.

"దాహంగా లేదు," అన్నాడాయన, గ్లాసు వంక చూడకుండానే.

"పరవానేదు బాబూ. దాహమేసినప్పుడే తాగండి. నాను ఈడే ఉంతాను."

అన్నట్టే ఉంది. ఆయన వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నిలబడింది. నీళ్ళు వేడెక్కితే పారబోసి మళ్ళీ తోడుకొచ్చేది. పరువు పోతోంది వచ్చెయ్యమని నేను బతిమాలితే, "కొనుక్కున్నోడిది గోడ, తోడుకున్నోలది నుయ్యి. నువ్వెల్లి అన్నం వొండు," అని కసిరింది.

గోడ మోకాలెత్తు లేచింది. ఒక మండువేసవి మధ్యాహ్నం, ఎంతకీ ఊడిరాని పెద్ద యంత్రం దగ్గర పొద్దుటి నుంచీ నిలబడి కేకలేసి కాంట్రాక్టరు గొంతు ఎండిపోయింది. చివరికి ఆయనే చెయ్యి చాపాడు. గ్లాసు ఖాళీ చేసి తిరిగిచ్చాడు. మర్నాడు మేస్త్రీలు బిందెతో మనిషి పట్టేంత దారి వదిలి గోడ కట్టారు. పెద్దమ్మ గెలిచానని అనలేదు. "ఎండల ఆ బాబుకెంత దాహమేసిందో," అంది.

ఆ దారిలోంచే ఇన్నాళ్ళూ లైన్లకి నీళ్ళు వచ్చాయి. సమాధుల తోటకి తీసుకెళ్ళేముందు పెద్దమ్మకి స్నానం చేయించిన నీళ్ళూ అవే. ఆవిడ నాకు ఇచ్చిపోయిన ధైర్యానికి కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక, అత్తవారింటికి తిరిగి వెళ్ళకుండా లైన్లలోనే ఆగిపోయాను.

ఈ ఉదయం గేటు దగ్గర కొబ్బరికాయ చప్పుడు వినబడింది. గ్లాసు తోముకుని వెళ్ళాను. కారు దిగినవాళ్ళందరూ తెల్లబట్టల్లోనే ఉన్నారు. ఓనరెవరో పోల్చుకోలేకపోయినా నేను కంగారు పడలేదు. గ్లాసుతోపాటు నిండు బిందె కూడా చంకన పెట్టుకొచ్చాను.

"దాహం లేదమ్మా," అన్నాడు ముందున్నాయన.

"పరవానేదు బాబూ, నాను ఈడే ఉంతాను," అన్నాను. బిందె దించకుండా గేటు పక్కన నిలబడ్డాను.